పాఠకుల ప్రశ్నలు: తరగతి గదిలో వినడం నేర్పేదెలా?

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "పిల్లలు వినడం లేదు" అన్న ఫిర్యాదే. ఆ ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. శబ్దం చెవికి అందకపోవచ్చు. అందినా మాటలు విడివిడిగా తెలియకపోవచ్చు. అసలు ఆ భాషే రాకపోవచ్చు. ఎందుకు వినాలో ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. ఏదన్నది తేలకుండా యాక్టివిటీ పెడితే పీరియడ్ గడుస్తుంది గానీ పని జరగదు. భాషాబోధకులు, వినికిడి నిపుణులు కలిసి ఇచ్చిన జవాబులివి.

ఆరో తరగతికి తెలుగు చెబుతాను. పాఠం చదివి వినిపించి ప్రశ్నలడిగితే ఎప్పుడూ ఆ నలుగురే చేతులెత్తుతారు. మిగతావాళ్లు "ఏటి మేస్టారూ, మళ్లీ సెప్పండి" అంటారు. వినడం నేర్పడానికి పనికొచ్చే యాక్టివిటీలు చెప్పండి. — ఉపాధ్యాయుడు, టెక్కలి

ఇప్పుడు మీ తరగతిలో జరుగుతున్నది వినడం నేర్పడం కాదు, విన్నారో లేదో పరీక్షించడం. వినడం అయిపోయాక ప్రశ్న వస్తోంది. దేనికోసం వినాలో తెలియని పిల్లవాడు అంతా గుర్తుపెట్టుకోవాలని చూస్తాడు, మూడో వాక్యం వచ్చేసరికి వదిలేస్తాడు. పని ముందు ఇచ్చి, ఆ తర్వాత వినిపించండి. ఈ ఒక్క మార్పుతోనే సగం తేడా కనిపిస్తుంది.

పాఠ్యపుస్తకంలో ఉన్న పాఠం వద్దు. పుస్తకం తెరిచి ఉంటే కళ్లు చదువుతాయి, చెవికి పని ఉండదు. మూసి ఉన్నా, ముందే చదివినవాడు విని చెప్పాడో గుర్తుండి చెప్పాడో మీకు తెలియదు. నలభై యాభై మాటల కొత్త ముక్క రాసుకోండి. మీ వైపు తుపాను హెచ్చరిక కంటే సహజమైన వినికిడి పాఠం లేదు. నమూనాకు ఇది చూడండి:

"తుపాను రేపు తెల్లవారుజామున గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటవచ్చు. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఈ రోజు సాయంత్రం ఐదు గంటల్లోగా ఒడ్డుకు చేరాలి. కళింగపట్నం రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు. సోంపేట, కవిటి మండలాల్లో బడులకు రేపు, ఎల్లుండి సెలవు. పాకల్లో ఉండేవాళ్లు చీకటి పడకముందే తుపాను షెల్టరుకు వెళ్లాలి. టార్చిలైటు, తాగేనీళ్లు, రేషన్ కార్డు వెంట తీసుకెళ్లాలి."

దీన్ని మూడుసార్లు చదువుతారు. ప్రతిసారీ పని వేరు.

మొదటిసారికి ముందు బోర్డు మీద మూడు ముక్కలు రాయండి: 1. పండగ గురించి 2. ప్రమాదం గురించి 3. పరీక్షల గురించి. పెన్నులు కింద పెట్టించండి. చదవడం అయ్యాక అందరూ కళ్లు మూసుకుని గుండె దగ్గర వేళ్లతో ఒకటి, రెండు, మూడు చూపించాలి. చేతులెత్తించడం మానేస్తేనే ఆ నలుగురి రాజ్యం పోతుంది. కళ్లు మూసుకుంటే పక్కవాడిని చూసి వేలు మార్చడం కుదరదు, ఎంతమందికి అందిందో మీకు ఒక్క చూపులో తెలుస్తుంది.

రెండోసారికి ముందు తరగతిని మూడు భాగాలు చేయండి. కిటికీ వైపు వరసకు ఊళ్ల పేర్లు, మధ్య వరసకు వేళలు, రోజులు, గోడ వైపు వరసకు చేయాల్సిన పనులు. ఎవరి వంతు వాళ్లే రఫ్ నోటులో గుర్తుగా ఒక్కో మాట రాసుకుంటారు. తర్వాత ఒక్కో వరస నుంచి ఒకరు చొప్పున ముగ్గురు కూర్చుని, రాసుకున్నవి కలిపి హెచ్చరికను మళ్లీ చెప్పాలి. ఎవరి దగ్గరా పూర్తి సమాచారం ఉండదు కాబట్టి, ఇక్కడ పిల్లలు ఒకరినొకరు వినక తప్పదు. మీ గొంతు వినడం కంటే కష్టమైన పని అది, ఎక్కువ పనికొచ్చేది కూడా.

మూడోసారి సరిచూసుకోవడానికి. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వేయండి: "టెక్కలి బడికి సెలవుందని చెప్పారా?" ముక్కలో ఆ మాట లేదు. "తుపానంటే సెలవే కదా" అనుకుని ఉందనేవాళ్లు చాలామంది ఉంటారు. చెప్పినదాన్నీ, మనం ఊహించినదాన్నీ విడదీయడం వినికిడిలో పై మెట్టు. ఆరో తరగతికి అది కష్టమేమీ కాదు.

మొత్తం ఇరవై నిమిషాలు. ఎక్కడ చెడుతుందంటే, మధ్యలో ఎవరో "ఏటి మేస్టారూ" అనగానే ఆ వాక్యం మళ్లీ చెప్పేస్తాం. దాంతో మొదటిసారి వినక్కర్లేదని తరగతి మొత్తం నేర్చుకుంటుంది. మధ్యలో ఆపకండి, "ఇంకోసారి మొత్తం చదువుతాను" అని ముందే మాటివ్వండి. మామూలు వార్తల వేగంతో చదవండి, సుమారు అర నిమిషం పడుతుంది. సాగదీసి చదివితే బయట మామూలుగా మాట్లాడేవాళ్ల మాట వాళ్లకు మళ్లీ అందదు.

ఇదే పద్ధతిలో వరస పేర్చే ఆట ఒకటి ఉంది. పొందూరు ఖాదీ తయారీని వివరించండి: పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం, గింజ తీయడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం, మగ్గం మీద నేయడం. ఈ ఐదింటినీ ఐదు చీటీల మీద రాసి, కలగలిపి జట్టుకో సెట్టు ఇస్తే వింటూ పేరుస్తారు. వరసలోనే చెప్పేస్తే మరీ తేలిక. "వడకడానికి ముందు ఏకులు చుట్టాలి, అంతకంటే ముందు గింజ తీసేయాలి" అని వెనక్కూ ముందుకూ చెప్పండి. అప్పుడు 'ముందు', 'తర్వాత', 'అంతకంటే' లాంటి మాటల మీద చెవి నిలుస్తుంది.

ఎనిమిదో తరగతి ఇంగ్లిషు. ఐఎఫ్‌పీ ప్యానెల్‌లో (తరగతి గదిలోని పెద్ద డిజిటల్ తెరలో) ఆడియో పెడితే ఏమీ అర్థం కాలేదంటారు. అదే ముక్క బోర్డు మీద రాస్తే ప్రతి మాటకూ అర్థం చెబుతారు. లోపం ఎక్కడ? — టీచర్, రాజాం

కంటికి తెలిసిన మాట చెవికి తెలియదు. మన పిల్లలు ఇంగ్లిషును చదివి నేర్చుకుంటారు, ఒక్కో మాటనూ విడిగా పలుకుతారు. మాట్లాడేవాళ్లు అలా విడదీయరు. 'షి వాజ్ ఎట్ ద బస్ స్టాప్' అన్నది మామూలు వేగంలో 'షివజటద బస్టాప్' అవుతుంది. పిల్లలకు 'బస్టాప్' ఒక్కటే అందుతుంది. వాజ్, ఎట్, ద లాంటి చిన్న మాటల మీద ఊనిక (నొక్కి పలకడం) ఉండదు, అవి నలిగిపోతాయి. కాబట్టి కొత్త మాటలు నేర్పించి లాభం లేదు. తెలిసిన మాటలే నలిగినప్పుడు ఎలా వినబడతాయో నేర్పించాలి.

రోజూ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు 'ఎన్ని మాటలు?' ఆడించండి. తెలిసిన మాటలతోనే ఒక వాక్యం మామూలు వేగంతో ఒక్కసారి చెప్పండి. ఎన్ని మాటలున్నాయో పిల్లలు వేళ్లతో చూపించాలి. పై వాక్యానికి ఆరు. ఎక్కువమంది మూడో నాలుగో చూపిస్తారు. మళ్లీ అదే వేగంతో చెప్పి, ఆ తర్వాత బోర్డు మీద ఆరు గీతలు గీసి నింపించండి. చివర్లో పిల్లలు కూడా కలిపి పలకాలి, ఎందుకంటే నోటికి వచ్చింది చెవి త్వరగా పట్టుకుంటుంది. రోజుకు ఐదు వాక్యాలు మించొద్దు.

వారానికోసారి డిక్టోగ్లాస్ పెట్టండి. నాలుగైదు వాక్యాల ముక్క చాలు. మొదటిసారి పెన్నులు కింద పెట్టి వినడం. రెండోసారి ముఖ్యమైన మాటలు మాత్రం రాసుకోవడం. తర్వాత ఇద్దరిద్దరూ, ఆపైన నలుగురూ కలిసి ఆ ముక్కను తిరిగి కట్టడం. ఆఖరున అసలుతో పోల్చి చూడటం. అరగంట పని. నెమ్మదిగా చదివితే ఇది మామూలు డిక్టేషన్ అయిపోతుంది, అందుకే వాక్యానికీ వాక్యానికీ మధ్య రెండు సెకన్లే ఆగండి. బాగా వచ్చిన పిల్ల పెన్ను పట్టుకుంటే మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చుంటారు. పెన్ను అందరికంటే వెనకబడినవాడి చేతికివ్వండి. వాడు మిగతావాళ్లు చెప్పింది మాత్రమే రాయాలి. ఇక పోల్చేటప్పుడు తప్పులు లెక్కపెట్టొద్దు, ఏవి రాలిపోయాయో చూడండి. నాలుగు జట్లలోనూ క్రియ చివరి 'డ్' రాలిపోయిందంటే మర్నాటి పాఠం ఏమిటో తేలిపోయినట్టే.

అంకెలకు రైలు ప్రకటనలు వాడండి. థర్టీన్–థర్టీ, ఫిఫ్టీన్–ఫిఫ్టీ దగ్గరే అందరూ తడబడతారు. మొదటి రకంలో చివరి భాగం సాగుతుంది, దాని మీద ఊనిక పడుతుంది. రెండో రకంలో ఊనిక మొదట్లోనే. పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల, విజయనగరం స్టేషన్లతో ఖాళీ టైమ్ టేబుల్ ఇచ్చి 'సిక్స్ ఫిఫ్టీన్', 'సిక్స్ ఫిఫ్టీ' అని చదివి నింపించండి.

ప్యానెల్ వాల్యూమ్ పెంచడం మందు కాదు. కారణం కింద బొబ్బిలి ఉత్తరానికిచ్చిన జవాబులో ఉంది.

మా బడిలో ఒకటి, రెండు తరగతుల్లో సగంమంది సవర గిరిజన పిల్లలే. నేను చెబుతుంటే కళ్లప్పగించి చూస్తారు, నోరు విప్పరు. — ఉపాధ్యాయురాలు, మెళియాపుట్టి మండలం

వాళ్లు వింటున్నారు, భాష తెలియడం లేదంతే. కొత్త భాషలోకి అడుగుపెట్టిన పిల్లలు కొన్ని నెలలపాటు మాట్లాడకుండా విని పోగుచేసుకోవడం మామూలే. ఆ రోజుల్లో "చెప్పు, చెప్పు" అని నిలదీస్తే బడంటేనే భయం పట్టుకుంటుంది. వేలితో చూపడం, తల ఊపడం, వస్తువు తెచ్చివ్వడం, వీటన్నిటినీ జవాబులుగానే తీసుకోండి.

జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో రూపొందించిన పద్ధతి ఇక్కడ బాగా నప్పుతుంది. మాట చెప్పి, ఆ పని చేయించడమే అందులో కీలకం. మొదటి రోజు మూడే ఆజ్ఞలు: లే, కూర్చో, నడువు. చెబుతూ మీరూ పిల్లలతో పాటు చేయండి. నాలుగైదుసార్లయ్యాక మీరు కదలకుండా నిలబడి చెప్పండి. తర్వాత వరస మార్చండి. మర్నాడు వాటికి 'తలుపు', 'పలక', 'గిన్నె' కలపండి: తలుపు దగ్గరికి నడువు, పలక పట్టుకో, గిన్నె మీద పలక పెట్టు. రోజుకు మూడు నుంచి ఐదు కొత్త మాటలు, పాతవన్నీ కలిపి పది నిమిషాలు చాలు. మూడో వారానికి ఎవరూ నేర్పని జతలు కూడా, "పలక నెత్తిమీద పెట్టుకుని నడువు" లాంటివి, చేసి నవ్వుతారు. మాట అర్థమైందనడానికి ఆ నవ్వే రుజువు.

ఇందులో మోసపోయే చోట్లు రెండు. మీ చెయ్యి తెలియకుండానే తలుపు వైపు చూపిస్తుంది. చేతులు వెనక్కి కట్టుకోండి, చూపు పిల్లల మీదే ఉంచండి. పక్కవాడిని చూసి లేచేవాళ్లూ ఉంటారు. ఇద్దరిని పిలిచి ఇద్దరికీ వేర్వేరు ఆజ్ఞలివ్వండి.

కథ చెప్పేముందు విషయం సవరలో రెండు ముక్కలు చెప్పించండి. పై తరగతి పిల్లలు చాలు, అమ్మలెవరైనా వస్తే మరీ మంచిది. ఇంటి భాష వాడితే తెలుగు రాదన్నది అపోహ. కథేమిటో తెలిసిన పిల్ల తెలుగు మాటల మీద చెవి పెట్టగలుగుతుంది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి (1863–1940) బడులు పెట్టింది కూడా మీ చుట్టుపక్కలే.

డిక్టేషన్ చెబితే 'చెప్పు'ను 'సెప్పు' అని రాస్తారు. ఒడియా ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు శ, ష, స మూడూ కలిపేస్తారు. ఒత్తులైతే చెప్పనక్కర్లేదు. చెవి లోపమా? — ఉపాధ్యాయుడు, ఇచ్ఛాపురం

కాదు. ఇంట్లో, వీధిలో 'సెప్పు', 'సూడు' అని వినే పిల్ల అదే రాస్తుంది. ఒడియా పలుకుబడిలో శ, ష, స మూడూ 'స'గానే పలుకుతాయి. తేడా వినబడుతోందో లేదో తేల్చుకోవాలంటే అర్థం మారే జంటలు కావాలి: చారు–సారు, చాలు–సాలు. బోర్డు మీద ఒకటి కింద 'చారు', రెండు కింద 'సారు' రాసి, పుస్తకం అడ్డం పెట్టుకుని పదిసార్లు కలగలిపి పలకండి, వేళ్లతో చూపిస్తారు. పదికి ఎనిమిది వస్తే చెవి బాగున్నట్టే. ఇక మిగిలింది రాతలో అలవాటు చేయడమే. ఇంటి మాటను తప్పనకండి, "మాట్లాడేటప్పుడు అలా, రాసేటప్పుడు ఇలా" అంటే సరిపోతుంది.

అసలు సమయం పెట్టాల్సింది దీర్ఘాల మీద, ద్విత్వాల మీద. నెల–నేల, గడి–గడ్డి, కల–కల్ల లాంటివి. అక్కడ తేడా చెవికి స్పష్టంగా అందుతుంది, అర్థమూ మారిపోతుంది. ల–ళలకు కల–కళ పెట్టండి.

ఒత్తుల సంగతి వేరు. మామూలు మాటల్లో మనలో చాలామందిమి 'బాధ'లో ధకు ఒత్తు పలకం. టీచరు నోట రాని తేడా పిల్లల చెవికి ఎక్కడిది? డిక్టేషన్‌లో మాత్రం పొట్ట లోపలి నుంచి "ధ్హ" అని పలికితే వాళ్లు 'భాధ' అని రెండు చోట్లా ఒత్తేస్తారు. వాటిని చూసి రాసి నేర్చుకోనివ్వండి.

డిక్టేషన్ చెప్పే తీరు: వాక్యం మొత్తం ఒకసారి, తర్వాత మూడు నాలుగు మాటల చొప్పున ముక్కలుగా ఒక్కోసారే, చివర మళ్లీ మొత్తం. ఒక్కో మాటా విడదీసి చెబితే పిల్లలు అక్షరాలు వింటారు, వాక్యం వినరు.

యాభైమంది పిల్లలు, పాత రేకుల గది. వాన పడితే నా గొంతు నాకే వినబడదు. — టీచర్, బొబ్బిలి మండలం

మామూలు మాట మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా దాదాపు 6 తగ్గుతుంది. అంటే ఎనిమిది మీటర్ల దూరాన ఉన్న ఆఖరి బెంచీకి చేరేది నలభై పైచిలుకు మాత్రమే. పిల్లలకు మాట తేటగా అందాలంటే చుట్టూ ఉన్న రొద కంటే టీచరు గొంతు 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలంటారు. పాఠం జరిగేటప్పుడు గదిలో రొద 35 దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఫ్యాన్లు, వరండాలో మాటలు, రోడ్డు మీద ఆటోలు కలిస్తే అది ఎప్పుడో దాటిపోతుంది. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల గదిలో మాట గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ఆ ప్రతిధ్వనే మాటల అంచులను చెరిపేస్తుంది. ప్యానెల్ వాల్యూమ్ పెంచితే ప్రతిధ్వనీ పెరుగుతుంది. స, ఫ, త లాంటి బలహీనమైన హల్లులు ముందుగా మునిగిపోయేది అక్కడే.

కాబట్టి గొంతు పెంచకండి, దూరం తగ్గించండి. వినే పని ఉన్న పదిహేను నిమిషాలు సగంమందిని నేల మీద అర్ధచంద్రాకారంలో మూడు మీటర్ల లోపు కూర్చోబెట్టండి. మిగతా సగానికి రాతపని ఇచ్చి, తర్వాత మార్చండి. మీరు కిటికీకి వీపు పెడితే మీ ముఖం మీద నీడ పడుతుంది, పెదవులు కనబడవు. వెలుగు మీ ముఖం మీద పడేలా నిలబడండి.

వాన పడుతుంటే వినే పాఠం మానేయడమే మేలు. ఆ రోజు వీపు వీపు ఆనించి ఆడే బొమ్మల ఆట పెట్టొచ్చు. ఒకరు చేతిలోని బొమ్మను వివరిస్తారు: "ఇంటికి ఎడమ పక్కన జీడిమామిడి చెట్టు, చెట్టు కింద రెండు మేకలు". రెండోవాళ్లు గీస్తారు. ఆరు సూచనలకు మించొద్దు. తలలు దగ్గరగా ఉంటాయి కాబట్టి వాన హోరు అంతగా అడ్డు రాదు. గీసేవాళ్లు "మళ్లీ చెప్పు" అనకూడదు, "చెట్టు ఏ పక్కన?" అని తెగేసి అడగాలి. ఈ నియమం లేకపోతే ఆటలో పస ఉండదు.

మా బాబు నాలుగో తరగతి. ధ్యాస లేదని టీచరు అంటారు. ఇంట్లో టీవీ సౌండ్ బాగా పెంచుతాడు. — తల్లి, విజయనగరం

ముందు చెవి చూపించండమ్మా, ధ్యాస సంగతి తర్వాత. టీవీ సౌండ్ పెంచడం, "ఆఁ?" అని మళ్లీ మళ్లీ అడగడం, ఒకే చెవిని ముందుకు తిప్పడం, జలుబు చేసినప్పుడు మరీ వినకపోవడం, ఇవన్నీ గమనించండి. జలుబు తర్వాత చెవిపొర వెనక ద్రవం నిలిచిపోవడం పిల్లల్లో తరచూ జరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఒక వారం బాగా వింటాడు, ఇంకో వారం వినడు. దాంతో పెద్దవాళ్లు పొగరనుకుంటారు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. బాబు వెనక రెండడుగుల దూరంలో నిలబడండి. ఒక చెవి ముందుండే చిన్న బొడిపెను వేలితో నొక్కి మెల్లగా రుద్దుతూ ఉంటే ఆ చెవికి వినబడదు. ఊపిరి పూర్తిగా వదిలాక గుసగుసగా మూడు పలకండి: "4, క, 7" లాంటివి. మూడూ తిరిగి చెబితే సరే. లేకపోతే మరో మూడు. ఆరింటిలో మూడు కూడా రాకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి ఆడియోమెట్రీ (వినికిడి కొలిచే పరీక్ష), టింపనోమెట్రీ (చెవిపొర కదలికను చూసే పరీక్ష) చేయించండి. ఇది పాసైనా అనుమానం తీరకపోతే చూపించండి, ఎందుకంటే గుసగుస పరీక్షకు చిన్న లోపాలు దొరకవు. చీము కారినా, నొప్పి ఉన్నా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా ఆగొద్దు. పుల్లలు, బడ్స్ పెట్టొద్దు, గులిమి లోపలికి పోతుంది. ప్రభుత్వ బడి అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం) బృందం వచ్చినప్పుడు బాబును ప్రత్యేకంగా చూడమని హెడ్‌మాస్టరుగారిని అడగండి. లోపం తేలితే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్లు కూడా తోడ్పడతారు.

చెవి బాగుందని తేలితే టీచరుగారికి ఈ మాట చేరవేయండి: మూడు పనులు ఒకే ఊపులో చెప్పకుండా ఒకటి చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పి చూడమనండి. ఒక్కో పనీ చేసేసి, మూడు కలిపితే తప్పిపోతున్నాడంటే అది గుర్తుంచుకోలేని బరువు, వినకపోవడం కాదు.

వినడానికి మార్కులెలా వేయాలి? — టీచర్, చీపురుపల్లి

రాత మార్కులు కలవకుండా వేయాలి. జవాబు టిక్కుగానో, అంకెగానో, బొమ్మగానో, నోటిమాటగానో ఉండాలి. రాయించినా అక్షర దోషానికి మార్కు తీయకూడదు. పిల్లలు చూడని ముక్కను రెండుసార్లు వినిపించి ఐదు ప్రశ్నలివ్వండి: మొత్తం దేని గురించో ఒకటి, వివరాలపై రెండు, చెప్పకుండా తెలిసేది ఒకటి, విని చేయాల్సిన పని ఒకటి. ప్రశ్నలు వినడానికి ముందే చేతికిచ్చి, చదువుకోవడానికి ఒక నిమిషం ఇవ్వండి. ఐదుకు రెండు వచ్చిన పిల్లల పక్కన ఏ రెండు వచ్చాయో కూడా రాసి పెట్టుకోండి. వివరాలు రెండూ తప్పి మొదటిది వచ్చినవాడికీ, మొదటిది తప్పి వివరాలు వచ్చినవాడికీ మర్నాడు ఇవ్వాల్సిన పని ఒకటి కాదు.